బోర్లించిన గోళీలు

మండవల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరేటర్ ఆగిపోతే మొదటి ఫోన్ నిత్యానందానికే వెళుతుంది. నీళ్ళను చిలికి గాలి కలిపే ఆ యంత్రం పని ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విప్పి చూసి నేర్చుకున్నాడు. కొత్త మోటారుతో పాటు వచ్చే పుస్తకం కాగితాలతో చేతి గ్రీజు తుడుచుకుంటాడు. పని వచ్చినవాడు చేస్తాడు, రానివాడు పుస్తకం రాస్తాడు అనేది ఆయన సిద్ధాంతం.

అలాంటి మనిషికి అన్నవాహికలో కేన్సర్ వచ్చింది. కీమో అయ్యాక డాక్టరు ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాడు గానీ షరతు పెట్టాడు. ఛాతీ తెరిచే ఆపరేషన్ కాబట్టి ఊపిరితిత్తులు గట్టిగా ఉండాలి. వచ్చే శుక్రవారం పరీక్షలో అవి చాలవని తేలితే తేదీ వెనక్కి పోతుంది. ఈలోగా ఫోన్‌లో క్లాసులు వినమన్నారు. మూడు గదుల్లో మూడు గోళీలున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి చేతికిచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని సాధన చేస్తే గోళీలు పైకి లేవాలి.

మొదటి వీడియోలో నిస్సీ అనే ఫిజియోథెరపిస్టు నమస్కారం పెట్టి, మనం ఊపిరి ఎలా తీసుకుంటామో చెప్పబోయింది. నిత్యానందం వేలితో వీడియోని ముందుకు తోసేశాడు.

"ఏవండీ, ఆ అమ్మాయి ఏదో చెబుతోంది కదా, విననివ్వండి," అంది భార్య పుష్పలత.

"మాటలకేముంది, రేడియో కూడా చెబుతుంది. సామాను నా చేతిలో ఉంటే ఇంకా చెప్పేదేంటి?"

గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. గోళీలు కదల్లేదు. చెవులు ఎర్రబడేదాకా ఊదాడు. మరొకరైతే వీడియోని వెనక్కి తిప్పేవారు. ఆయన పరికరాన్ని వెలుతురుకెత్తి, గాలి వెళ్ళే దారి చూసి, లోపం తేల్చేశాడు.

"కంపెనీవాళ్ళు తిరగేసి బిగించారే!" అని బోర్లించి ఊదాడు. మూడు గోళీలూ టక్కున లేచాయి.

ఆ విద్యను పుష్పలత చేత వీడియో తీయించి, క్లాసులోని రోగుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే శేషగిరిరావు వెంటనే జవాబిచ్చాడు. "మీ దయవల్ల నావీ రెండు లేచాయండీ. మూడోది కొంచెం బద్ధకిస్తోంది." ఉండి అనే ఊరి నుంచి సలోమి టీచరు చప్పట్ల బొమ్మ పెట్టింది. ఆసుపత్రి ఎన్ని వీడియోలు పంపినా కుదరని క్రమశిక్షణ గ్రూపులో ఒక్కసారిగా కుదిరింది. అందరూ పరికరాలు బోర్లించారు.

ఆ వారం లైవ్ క్లాసులో నిస్సీ అందర్నీ చేసి చూపించమంది. తెర మీది గళ్ళలో పేషెంట్లంతా పరికరాలు తలకిందులుగా పట్టుకుని బుగ్గలు పూరించి ఊదారు. ఆ అమ్మాయి తెర దగ్గరికి వంగి ఒక్కో గడీ చూసింది.

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారండీ మీకు?"

"నిత్యానందంగారండీ," అన్నాడు శేషగిరిరావు ఎంతో గౌరవంగా.

"అది ఊదేది కాదండీ, లోపలికి పీల్చేది. ఊపిరితిత్తులు నిండా విచ్చుకోవాలి కదండీ. వీడియో మొదట్లోనే చెప్పాను."

"శుక్రవారమే పరీక్షమ్మా నాకు," అన్నాడు నిత్యానందం. ఆ గొంతులో మెకానిక్ లేడు. "తేదీ పోతుందంటావా?"

"అది డాక్టరుగారు చెప్పాలండీ. మీరు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి."

పరికరాన్ని నిలబెట్టి పీల్చబోతే అలవాటుకొద్దీ బుగ్గలే ఉబ్బాయి. చూసి చూసి పుష్పలత అంది: "డ్రమ్ములోంచి గొట్టంతో డీజిలు లాగేటప్పుడు ఊదుతారేంటండీ? నోట్లో పడకుండా ఎంత నిదానంగా లాగుతారు!"

ఆయన కళ్ళు మూసుకుని డీజిలు లాగినట్టు లాగాడు. ఒక గోళీ లేచి నిలబడింది. ఆ రాత్రే వీడియోని నమస్కారం దగ్గర్నుంచి చివరిదాకా విన్నాడు. శుక్రవారం నాటికి రెండో గోళీ కూడా లేచింది. అది చాలన్నారు. తేదీ నిలిచింది, ఆపరేషన్ అయింది. కుట్లు లాగుతున్నా వార్డులో రోజూ గోళీలు లేపాడు.

ఇంటికొచ్చి కాస్త కోలుకున్నాక, కొత్త పేషెంట్ల కోసం తనే ఒక వీడియో చేశాడు. నమస్కారం పెట్టాడు. ఊపిరి సంగతి చెప్పాడు. మొదలు వినకపోతే ఏమవుతుందో తన కథంతా చెప్పి, ఆ తర్వాతే పరికరం చేతిలోకి తీసుకున్నాడు.

జంగారెడ్డిగూడెం నుంచి కొత్తగా చేరిన వెంకటసాయి దగ్గర్నుంచి మొదటి జవాబు వచ్చింది. "బాగుందండీ. ముందు మాటలు ఎక్కువయ్యాయని తోసేసి చూశాను."

నిత్యానందం వెంటనే అతనికి వీడియో కాల్ చేశాడు.

"బాబూ, అది ఎటు పట్టుకున్నావో ఒకసారి చూపించు."