మామ వెంట వచ్చిన ఆదివారాలు

మా మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను బార్‌లో ఉన్నాను. మామ అంటే పిల్లనిచ్చిన మామ, నా భార్యకు తండ్రి. ఆయన మూడు రోజులుగా అనంతపురంలో ఆస్పత్రిలో ఉన్నాడని నాకు తెలుసు. గేటు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఫోనులో బావమరిది “నాయన పోయినాడు, నువ్వు యాడుండావు?” అన్నాడు. వస్తున్నానని చెప్పి, గ్లాసులో మిగిలింది తాగేసి లేచాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఎవరైనా తమను కాస్త మంచిగానే చూపించుకుంటారు. నాకు ఆ ముఖం లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదవగలిగినవాళ్లు చదవండి.

బెళుగుప్పలో ఆయనకు అద్దె సైకిళ్ల షాపు ఉండేది. ఇంటింటికీ మోటార్ సైకిలు వచ్చాక అది మూతపడింది. మిగిలిన నాలుగు సైకిళ్లను లారీలో వేసుకుని, అత్తను తీసుకుని అనంతపురం వచ్చి మా పక్క వీధిలో దిగాడు. ఆ సైకిళ్లను రోజూ తుడిచేవాడు. ఎవరు తొక్కుతారని తుడుస్తున్నాడో మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

రెండేళ్ల కిందట నేను తాగి మోటార్ సైకిలు నడుపుతూ కరెంటు స్తంభానికి గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నాను. కాలు బాగయ్యాక మొదటి ఆదివారమే బండి బయటికి తీశాను. మా వాకిట్లో మామ నాలుగు సైకిళ్లు వరసగా నిలబెట్టుకుని ఉన్నాడు.

“ఆ బండి తాళం ఈడియ్యప్పా. తాగాలంటే సైకిల్లో పోదాం. నీ జతగాళ్లను గూడా పిలువు” అన్నాడు.

పోదాం అన్న మాటకే నాకు తల తిరిగింది. మామా అల్లుడూ కలిసి బార్‌కు పోవడం మా వైపు ఎవరూ కని విని ఎరగరు. అత్త వీధిలోకి వచ్చి “అల్లునితో కూడా బార్‌కు పోతావా? నీకు సిగ్గుల్యా?” అని అరిచింది. “సిగ్గని ఇంట్లో కూర్చుంటే రేపు బిడ్డ గతేమి?” అని ఆయన పంచె అంచును బట్టల క్లిప్పుతో కాలికి బిగించుకుని సైకిలెక్కాడు.

అట్లా మొదలైంది మా నలుగురి ఆదివారం యాత్ర. నేను, మామ, ఆటో నడిపే మిత్రుడొకడు, కోర్టులో టైపిస్టుగా ఉన్న మిత్రుడొకడు. వారమంతా ఆటో తోలి ఆదివారం సైకిలు తొక్కే ఖర్మ పట్టిందని ఆటో మిత్రుడు ఏడ్చేవాడు. పొద్దున పదకొండుకు మా వీధి చివరి బార్, తర్వాత రైలు గేటు దగ్గరిది, చివరగా బుక్కరాయసముద్రం దారిలోది. బార్‌కు ఒక్కటే, రెండోది అడగకూడదు. ఆయన మాత్రం కిటికీ పక్కన, సైకిళ్లు కనపడేచోట కూర్చుని ఉప్పేసిన నిమ్మకాయ సోడా తాగుతూ, ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి మా ముందుకు తోసేవాడు. మొదట్లో వెయిటర్లు ఆయన మమ్మల్ని లాక్కుపోవడానికి వచ్చాడనుకునేవాళ్లు. పోనుపోను ఆయన్ని చూడగానే సోడా తెచ్చి పెట్టేవాళ్లు.

ఆయన పెట్టిన షరతు ఇంకొకటి ఉంది. ప్రతి బార్ ముందూ ఎవరి సైకిలుకు వాళ్లే తాళం వేయాలి, వాళ్లే తీయాలి. వెనక చక్రానికుండే ఆ తాళంలో తాళంచెవి సరిగ్గా పెట్టలేనివాడికి యాత్ర అక్కడితో సరి. సైకిలు నెట్టుకుంటూ ఇంటికి నడవాలి. అద్దె షాపు రోజుల్లో తాగినవాడికి సైకిలు ఇవ్వకుండా ఉండటానికి పెట్టుకున్న పరీక్ష అది. అయితే ఓడినవాడిని ఒంటరిగా పంపేవాడు కాదు. తనూ సైకిలు దిగి, పక్కనే నెట్టుకుంటూ వచ్చేవాడు. ఓడేది ఎక్కువసార్లు నేనే.

ఆ నడకల్లో ఒక్కసారైనా బుద్ధులు చెబుతాడేమోనని కాచుకుని ఉండేవాణ్ణి. చెబితే కోపం తెచ్చుకోవచ్చు కదా. చెప్పేవాడు కాదు. స్కూల్లో పరీక్ష ఉందని సైకిలు తీసుకుని పెళ్లిచూపులకు పోయినవాడి సంగతి, అద్దె సైకిలు మీద భార్యను పుట్టింటి నుంచి తెచ్చుకుని మూడు దినాలు సైకిలు తిరిగివ్వనివాడి సంగతి చెప్పేవాడు. ఒకే ఒక్కసారి అడిగాడు.

“ఏమప్పా, నీకు తాగల్లని ఎప్పుడెప్పుడు అనిపిస్తాది?”

“ఎప్పుడూ అనిపిస్తాది మామా.”

“అయితే కష్టమేలే” అని గుంత తప్పించి సైకిలు నెట్టాడు. తర్వాత, “నిన్ను నిలిపేది నా చేత కాదు. వెంట వచ్చేది చేతనైతాది” అన్నాడు.

మిగతా ఆరు రోజులూ నేను మామూలుగానే తాగుతున్నానని ఆయనకు తెలుసు. అయినా ఆదివారం వచ్చేసరికి టైర్లను బొటనవేలితో నొక్కి చూసి, గాలి కొట్టి, వాకిట్లో తయారుగా ఉండేవాడు.

ఈ ఏడు రోహిణి కార్తెలో ఒక ఆదివారం. మూడో బార్ దగ్గర తాళం తీయలేకపోయాను. మిత్రులిద్దరూ అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. మామ తన సైకిలు స్టాండు తీసి నడకకు సిద్ధమయ్యాడు. నాకు ఇంకా తాగాలని ఉంది. ఆయన ముందు అడగలేను. “మామా, ఒంటికి పోయొస్తా. ఈడే ఉండు” అన్నాను.

“పోయిరాప్పా, ఉంటా” అన్నాడు.

బార్ వెనక దారిన బయటపడి, ఆటో పట్టుకుని ఊళ్లో ఇంకో బార్‌కు పోయాను. కాసేపు చూసి ఆయనే ఇంటికి పోతాడులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండో గ్లాసుకు అది కూడా అనుకోలేదు.

తర్వాతి సంగతి ఆ మూడో బార్ ఎదుట టీ అంగడి పెట్టుకున్న ఆమె నాకు చెప్పింది. రెండు సైకిళ్లనూ చెరో పక్కన పెట్టుకుని ఆయన ఎండలోనే నిలబడ్డాడట. ఆమె రెండుసార్లు కేకేసిందట, “పెద్దాయనా, నీడలోకి రా, సచ్చిపోతావు” అని. “అల్లుడు ఇప్పుడే వస్తానన్యాడమ్మా. బయటికొస్తే నేను కనపడాల కదా” అన్నాడట. నాలుగు గంటలప్పుడు పడిపోయాడు. ఆమే తల మీద నీళ్లు పోసి అంబులెన్స్ పిలిపించింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా. నేను ఎన్నిసార్లు తలచుకున్నా ఆ మూడు గంటల్లో ఒక్క నిమిషం కూడా తగ్గదు.

ఇంట్లో అందరూ వయసు మీదపడింది, ఎండలో సైకిలు తొక్కాడు, వడదెబ్బ తగిలింది అనుకున్నారు. నేను అవునన్నాను. పాడె మోశాను. వచ్చినవాళ్లు నా భుజం తట్టి, కొడుకు కన్నా ఎక్కువగా చూసుకున్నావని మెచ్చుకున్నారు. అదీ విన్నాను.

తాగుడు మానేశానా అని మీరు అడుగుతారు. మానలేదు. ఎవరి చావో నన్ను మారుస్తుందని నేనూ అనుకునేవాణ్ణి. పదకొండో రోజు కార్యం అయిపోయాక, జరిగింది నా భార్యకు చెప్పాలని ఇంటికి పోయాను. ఆ మాట చెప్పడానికి కూడా తాగే పోయాను.

ఆమె బియ్యం చెరుగుతోంది. ఆమె పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. ఒంటికి పోయొస్తానని చెప్పడం, వెనక దారి, ఆటో, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. చేట కింద పెట్టింది.

“ఆస్పత్రిలో కండ్లు తెరిచినప్పుడల్లా ‘అల్లుడు వచ్చినాడా’ అని అడిగినాడు నాయన” అంది. “ఆస్పత్రికి వచ్చినావా అని అడుగుతాండాడనుకున్యా. నీ పరువు పోనీయకూడదని, వచ్చినాడు నాయనా, బయట కూర్చున్యాడు అని చెప్పినా. ‘అయితే పోదాం పా’ అన్యాడు. ఇంగ మాట్లాడలా.”

ఆమె లేచి ముఖం కడుక్కుంది. పళ్లెంలో అన్నం పెట్టి, నీళ్ల చెంబు పక్కన పెట్టి, గడప మీద వీధి వైపు తిరిగి కూర్చుంది. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆమె చీకటి పడేదాకా వీధిలోకే చూస్తూ ఉంది.