మూడో అంతస్తులో టైపు దెయ్యం

ఆ ఆడపిల్లల కాలేజీలో నలభై రెండు గదులు, నలభై రెండు తాళాలు. తాళంచెవులన్నీ ఒకే ఇనుప రింగుకు గుచ్చి నడుముకు దోపుకొని తిరిగే అటెండరమ్మను పిల్లలంతా తాళాలత్త అనేవారు.

మూడో అంతస్తు చివరి గదిలో ఏడు టైపు మిషన్లు దుప్పట్లు కప్పుకొని పడుండేవి. నేర్పే మాస్టారు రిటైరయ్యాక ఆ గదికి తాళం పడి మూడేళ్లయింది. తాళాలత్త చదివింది పదో తరగతి. ఆఫీసులో గుమాస్తా వేళ్లు మీటల మీద గంతులేస్తుంటే, చేతిలో ఫైలు మరిచిపోయి చూస్తూ నిలబడేది. ఒకరోజు దుమ్ము దులపబోతే ఆ గది సొరుగులో పాత టైపు అభ్యాస పుస్తకం దొరికింది. ఇంకేం! మర్నాటి నుంచి భోజనాల గంట కొట్టగానే నాలుగు ముద్దలు మింగి మేడెక్కేది. ముందు తలుపు తాళం అలాగే ఉంచి, పక్క స్టోరు గదిలోంచి లోపలికి దూరి టకటకలాడించేది.

నెల తిరక్కుండానే ఒక పిల్ల ఆ చప్పుడు వింది. తాళం చూసింది. కెవ్వుమని మెట్లు మూడేసి చొప్పున దూకి కింద కూలబడింది. తాళాలత్త వెనక మెట్ల మీదుగా దిగొచ్చి తనే మంచినీళ్లిచ్చింది.

"అత్తా, ఆ గదిలో ఎవరున్నారు?"

నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. "అందులోనా? ఎవరుంటారమ్మా! తాళం పడి మూడేళ్లాయె," అంది.

మిగతా పని పిల్లలే చూసుకున్నారు. సాయంత్రానికి దెయ్యానికి జడ వచ్చింది. మర్నాటికి ఆ జడ మోకాళ్లు దాటింది. శనివారానికల్లా, ఒక్క మార్కుతో టైపు పరీక్ష తప్పి, మాస్టారి మీద ప్రేమతో కుమిలి కుమిలి చచ్చిపోయిన పిల్ల అని తేలింది. ఆ మాస్టారికి అప్పటికే నాలుగు కట్టుడు పళ్లు.

తాళాలత్త మొగుడు సిటీ బస్సు డ్రైవరు. అతనికి ఈ కబురు బస్సులోనే అందింది. వణుక్కుంటూ ఇంటికొచ్చి పెళ్లాం మెడలో ఒక విజిల్ కట్టాడు.

"అది గొంతు పట్టుకుంటే గట్టిగా ఊదు. నేను బస్సాపేసి వచ్చేస్తా!"

"ప్రయాణికులతో సహానా?" అని ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

తర్వాత ఒకరోజు టైపు గది తలుపు కింద నుంచి ఒక చీటీ లోపలికి జారింది. "అక్కా, లెక్కల్లో గట్టెక్కుతానా?" తాళాలత్త కాగితం ఎక్కించింది. అభ్యాసమూ అవుతుంది కదా అని జవాబు కొట్టి, అదే సందులోంచి బయటికి తోసింది: "పుస్తకం తెరువు. పరీచ్చకి ఇంకా నెలుంది." ఆ మిషన్లో 'క్ష' కడ్డీ విరిగింది మరి. పాపం, దెయ్యానికి నోరు తిరగదని పిల్లలు జాలిపడ్డారు.

లెక్కల పిల్ల గట్టెక్కింది. ఆ వారం పదకొండు చీటీలు! హాస్టల్లో బెంగగా ఉందన్న పిల్లకు, "పక్క మంచం పిల్ల కూడా ఏడుస్తోంది. ఒకసారి పలకరించు," అని రాసింది. ఆ ఇద్దరూ మర్నాటి నుంచి మెడలు పెనవేసుకొని తిరిగారు. జవాబులు పెరిగే కొద్దీ ఆవిడ వేళ్లకు రెక్కలొచ్చాయి.

రెండేళ్లు గడిచాక కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. కళ్లద్దాల మీదుగా చూస్తే చాలు, గుమాస్తాలు కూడా లేచి నిలబడేవారు. ఒక మధ్యాహ్నం తాళాలత్త గదిలోకి దూరి, కాగితం ఎక్కించి, నాలుగు వరుసలు కొట్టిందో లేదో, పెద్ద బీరువాలోంచి తుమ్ము వినిపించింది. తలుపు కిర్రుమంది. తలనుంచి కాళ్లదాకా తెల్లగా ఉన్న ఆకారం ఒకటి బయటికొచ్చింది.

తాళాలత్త గోడకు అతుక్కుపోయింది. ఇన్నాళ్లూ తను ఆడించిన దెయ్యమే నిజంగా వచ్చేసిందనుకొని బలమంతా కూడదీసుకొని, మొగుడు మెడలో కట్టిన విజిల్ ఊదింది. దానికి ఆ ఆకారం ఇంకా గట్టిగా అరిచి, సుద్దపొడి రాలుస్తూ నేల మీద కూలబడింది. కళ్లద్దాలు చూశాక గానీ అది ప్రిన్సిపాలని ఆవిడకు తెలియలేదు.

"మేడం! మీరా?"

"నువ్వా! దెయ్యాన్ని చూద్దామని ఈ సుద్దపెట్టెల మధ్య నక్కితే, నీ విజిల్ తగలెయ్య, చెవులు పగిలాయి!"

మెట్ల మీద అడుగుల చప్పుడు. "ఏం లేదు, ఎలుక! క్లాసులకి వెళ్లండి!" అని మేడం లోపల్నుంచే కేకేసింది.

తాళాలత్త మొదటి నుంచీ జరిగింది ఏకరువు పెట్టింది. మేడం మిషన్లోని కాగితం లాగి చదివింది.

"ఈ సలహాలన్నీ నీ బుర్రలోవేనా?"

"వేళ్లూ నావే, బుర్రా నాదేనండి. ఉద్యోగం మాత్రం మీ చేతుల్లో ఉంది."

మేడం గొంతు తగ్గించింది. "మొన్న మంగళవారం, మీటింగులో ఎవరూ నా మాట వినడం లేదని ఒక చీటీ వచ్చిందా?"

"వచ్చిందండీ. ముందు అందరికీ టీ ఇప్పించు, అని రాశాను."

"ఇప్పించాను. విన్నారు." మేడం ముఖం సుద్దపొడి కిందే ఎర్రబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతే, డొక్కలు పట్టుకొని, ఆ సుద్దపొడిలోనే దొర్లి దొర్లి నవ్వారు.

మేడమే ఫారం తెప్పించి తాళాలత్త చేత టైపు పరీక్షకు కట్టించింది. హాల్లో మంచి మిషనిచ్చినా అలవాటు కొద్దీ రెండుసార్లు "పరీచ్చ" కొట్టి మార్కులు పోగొట్టుకుంది. అయినా ముప్ఫై నాలుగేళ్ల వయసులో మొదటి దెబ్బకే నెగ్గింది. సంగతంతా విన్న మొగుడు మంచం మీద చతికిలబడ్డాడు. "అయితే ఇన్నాళ్లూ నేను దెయ్యంతోనా కాపురం చేసింది?" అని కాసేపు బిక్కముఖం వేసి, వెంటనే వీధి వీధంతా చెప్పొచ్చాడు. పిల్లలు మాత్రం ఒక పట్టాన నమ్మలేదు. దెయ్యమే అత్తను ఆవహించి పరీక్ష రాసిందని తేల్చేశారు.

ఆ ఏడాదే ఆవిడకు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. మొదటిరోజు కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అలాంటిది ఆవిడ ఎప్పుడూ ఎక్కి ఎరగదు. కాలితో చిన్నగా తన్నింది. కుర్చీ గది ఈ చివర నుంచి ఆ చివరి గోడ దాకా సర్రున దూసుకుపోయింది. గుమాస్తాలంతా కంగారుగా లేచారు.

"ఇంకోసారి," అంది ఆవిడ, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ.