రెండో సంతకం

ముందు షట్టరు చప్పుడు వినిపిస్తుంది, ఇనుము దగ్గినట్టు. ఎల్లారెడ్డి బజారు ఇంకా మసకలో ఉండగానే, ఆ చప్పుడు వెనకాల సలోమి కనిపిస్తుంది. విత్తన రైతుల సొసైటీలో వెబ్‌సైటు చూసేది ఆమే, గది ఊడ్చేదీ ఆమే.

తండాలు తిరిగి రైతులకు ఆమె నేర్పినవి రెండే మాటలు. పేజీ పైన తాళం బొమ్మ ఉంటేనే బ్యాంకు నంబర్లు కొట్టాలి. ఫోన్లో ఎవరేం చెప్పినా నమ్మొద్దు.

పోయిన దసరా తెల్లవారి ఆ తాళమే దొంగల పాలైంది. సైటు రహస్య కీ కాజేసి, అదే పేరుతో, అదే బొమ్మతో ఎవరో దొంగ పేజీ పెట్టారు. ఇక సైటుకు పూచీగా ఉండి ఆ తాళం బొమ్మ చూపించే సర్టిఫికెట్‌ను రద్దు చేయాలి. రద్దు బ్లాక్‌చైన్‌లో పడాలి. అంటే ఎన్నో చోట్ల కంప్యూటర్లు కలిసి రాసుకునే, ఎవరూ చెరపలేని ఒకే లెక్కలో. అందులో పడితే సొసైటీ యాప్ ఉన్న ప్రతి ఫోనూ ఆ పేజీని మూసేస్తుంది. ఒక్కరి కోపానికి రద్దు కాకూడదని, ముగ్గురిలో ఇద్దరి సంతకాలు కావాలని సొసైటీ ముందే పెట్టుకుంది. సంతకమంటే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పుల్ల. సలోమి దగ్గర ఒకటి, ఛైర్మన్ కిష్టయ్య దగ్గర ఒకటి, కామారెడ్డిలో ఉండే సొసైటీ సభ్యుడు దేవరాజ్ దగ్గర ఒకటి.

కిష్టయ్య పుల్ల నోట్లో పసుపు గడ్డకట్టి ఉంది. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు.

"నాగలికి, ట్రాక్టరుకు, అన్నిటికి పూజ జేసిన బిడ్డా. దీనికొక్కదానికి జెయ్యకుంటే మనసొప్పలే," అన్నాడాయన.

దేవరాజ్ ఫోను ఎత్తలేదు. పండుగ నిద్ర. సలోమి కామారెడ్డి బస్సెక్కి, దారి పొడుగునా రైతులకు ఫోన్లు చేస్తూ పోయింది. ఆమె నంబరు గుర్తుపట్టి చాలామంది ఆగారు. లింగంపేట దాటాక ఆమె ఫోను చార్జింగు అయిపోయింది. పక్క సీటామె ఫోను అడుక్కొని, చీటీలో ఉన్న నంబరు చూసి తండా రైతు బీమ్లాకు చేసింది. అతను అప్పటికే ఆ పేజీ తెరుచుకొని కూర్చున్నాడు. మక్క విత్తనం పైసలు వేస్తామని అందులో ఉందట.

"అది దొంగది బీమ్లా. నేను సలోమిని. నంబరు కొట్టకు."

"తాళం బొమ్మ ఉన్నది గదా."

"ఉన్నా సరే. నా మాట ఇను."

అతను నవ్వాడు. "సలోమక్క గిట్ల చెప్పది. ఫోన్ల మాట నమ్మొద్దన్నదే ఆమె. నాతోనే ఆటలా?"

పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. కిటికీ బయట అడవి వెనక్కి పోతూనే ఉంది, ఎంత పిలిచినా వినని దానిలా.

తలుపు తట్టి లేపితే దేవరాజ్ కళ్లు నులుముకుంటూ, సలోమి సంతకం తర్వాత తన పుల్ల గుచ్చాడు. రద్దు పడింది. వానకు వీధి ఖాళీ అయినట్టు ఫోన్లన్నిటిలోంచి ఆ పేజీ మాయమైంది. అప్పటికే బీమ్లా ఖాతాలో పంట పైసలు లేవు.

బీమ్లా, అతని భార్య దుర్గి చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోయారు. బిడ్డ కళను బడి మాన్పించి వెంట తీసుకుపోయారు.

సలోమి ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. నేను రాసుకోవడం అయ్యాక, గుమ్మం దాకా వచ్చి అన్నది:

"అతని తప్పేం లేదని రాయిండ్రి. నేను చెప్పినట్టే జేసిండు. ఒక్క మాట గూడ తప్పలే."