ఊరికే పోదాం రండి

మా మేనత్త పోయింది. ఆ మాట నాకు చెప్పింది చుట్టాలెవరూ కాదు, మా వీధిలో చేపలమ్మే రమణమ్మ. పొద్దున్నే గంప దించి, ఎప్పటిలా “అక్కా” అని కేకేస్తే అత్త పలకలేదట. లోపలికి వెళ్ళి చూసింది. అత్త కొడుకు డాక్టరు కోసం పరుగెత్తితే, ఈమె నాకు ఫోన్ చేసింది. “మీ అత్త నిద్రలోనే పోయినాదమ్మా, నువ్వు రా,” అంది. ఇంకేమీ చెప్పలేక ఏడ్చింది. నేను వెళ్ళేసరికి చేపల గంప వాకిట్లోనే ఉంది. ఆ రోజు రమణమ్మ ఇంకో వీధికి పోలేదు.

ఏడుపు సంగతి రాయడానికి నేను కూర్చోలేదు. ఏడ్చేశాను, అయిపోయింది. మీకు చెప్పాల్సింది వేరే ఉంది. మా అత్త గెలిచి పోయిన మనిషి. ఆ గెలుపు నేను కళ్ళారా చూశాను. చూసినవాళ్ళం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

అత్త మా నాన్నకు అక్క. బస్సు కండక్టరు. మా వైపు ఆడవాళ్ళు టికెట్లు కొట్టడం కొత్తగా మొదలైన రోజుల్లో ఉద్యోగంలో చేరింది. ఇందుకూరుపేట, కోట వైపు పోయే పల్లె బస్సుల్లో రిటైరయ్యేదాకా నిలబడే తిరిగింది. చేరిన కొత్తలో ఒక వ్యాపారి, పొద్దున్నే ఆడ కండక్టరు ముఖం చూస్తే బోణీ కాదని బస్సు దిగిపోయాడట. “దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి, బండి మాత్రం పోతాది” అని అత్త విజిల్ వేసిందట. సాయంత్రం ఇంకే బస్సూ దొరక్క అదే మనిషి మళ్ళీ అత్త బస్సే ఎక్కి, నోరెత్తకుండా వెనక సీట్లో కూర్చున్నాడట. ఈ కథ మేం ఎన్నిసార్లు విన్నామో. విన్న ప్రతిసారీ ఆ వ్యాపారి మీసం కొంచెం పెరిగేది.

రిటైరయ్యాక నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని విసుక్కుంది. ఐదో రోజు మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, ఉన్నట్టుండి అంది: “ఇన్నేళ్ళు బస్సులో తిరిగినా నేను దోవ చూడలేదు మే. కండక్టరుకు కిటికీ ఉండదు. ఎంతసేపూ మనుషుల ముఖాలే.” మళ్ళీ తనే అంది: “టికెట్ కొట్టేటప్పుడు ఆడోళ్ళను అడిగేదాన్ని, యాడికి పోతాండావమ్మా అని. ఆస్పత్రికనేది ఒకామె. చావుకనేది ఒకామె. పెళ్ళికి, పురుటికి, గుడికి. ఊరికే పోతాండానని ఒక్క ఆడమనిషి చెప్పలేదు.”

ఆ మాటతో మొదలైంది అంతా. నెలకో ఆదివారం వ్యాను మాట్లాడి, వీధిలోని ఆడవాళ్ళను ఎక్కించుకుని, నెల్లూరు చుట్టుపక్కల తిప్పి, పొద్దుగూకేసరికి ఎవరింటి ముందు వాళ్ళను దించేది. ఒక నెల సముద్రం, ఒక నెల కొండ. కొంత దూరం బండి మీద, కొంత దూరం నడక. నడక తప్పించుకోవాలని చూసేవాళ్ళను ముందే కనిపెట్టి పక్కన నడిపించుకునేది. నేనెప్పుడూ ఆమె పక్కనే నడిచేదాన్ని అంటే కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది.

మొదటి ట్రిప్పు గురించి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సముద్రానికి పోదాం అని అత్త చెప్పిందే తడవు, ఆడవాళ్ళందరూ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపేశారు. ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. వ్యాను ఎక్కేసరికి ఎవరి ఒళ్ళో చూసినా పులిహోర డబ్బానే. మంచినీళ్ళు తెచ్చినవాళ్ళు మాత్రం లేరు. పైగా ఇంట్లో మిగిలినవాళ్ళకు మధ్యాహ్నానికి కూడా వండిపెట్టి వచ్చారు. ఇంకేముంది, వ్యాను ఊరు దాటకముందే తలలు వాలిపోయాయి. వరి చేలు వెనక్కిపోయాయి, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిమ్మే చక్రాలు పోయాయి, కాలువ మీద వంతెన పోయింది. చూసినవాళ్ళు డ్రైవరూ, అత్తా. ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో ఆడమనిషి నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

సముద్రం దగ్గర దిగాక అత్త మా అందరినీ నిలబెట్టి తిట్టింది. “కిటికీలు మీకిచ్చి నేను నిలబడినాను గదమ్మా! నిద్రపోను మీకు మంచాల్లేవా?” ఆ రోజే చట్టం వచ్చింది. వంట చేసి వచ్చినవాళ్ళు వ్యాను ఎక్కడానికి లేదు. ఎక్కాక ఇంటి ఊసెత్తితే నీళ్ళ క్యాను మోయాలి. తర్వాతి ట్రిప్పులో మా అమ్మ, గ్యాసు కట్టేశానో లేదో అంటూ ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆ క్యాను దించలేదు పాపం.

మరి తిండి ఎట్లా? రమణమ్మ వచ్చింది అక్కడే. ఆమెది మైపాడుకు అవతల సముద్రం ఒడ్డున చిన్న పల్లె. చేపల పులుసు, అన్నం తాను వండిపెడతానని ఒప్పుకుంది. మేం వ్యాను దిగి, సరుగుడు తోటలో ఇసుక మీద కాళ్ళీడ్చుకుంటూ నడిచి వాళ్ళ పల్లెకు చేరేసరికి, మామిడికాయ వేసిన పులుసు వాసన మాకు ఎదురొచ్చేది. తిన్నాక, వేటకు పనికిరాని పాత పడవ ఒకటుంటే అందులో మమ్మల్ని పల్లె పక్కనున్న ఏట్లో ఒక చుట్టు తిప్పేవారు. ఒక పక్క మడ చెట్లు, ఇంకో పక్క ఇసుక దిబ్బ, నీళ్ళలో కాళ్ళు ముంచి నిలబడ్డ తెల్ల కొంగలు. ఇదంతా మా ఊరికి ఇంత దగ్గర్లో ఉందని మాలో ఎవరికీ తెలియదు.

మొదటిసారి పడవ ఎక్కేటప్పుడు అత్త “రా రమణమ్మా” అని చెయ్యి చాచింది. రమణమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. “నేను ఎక్కకూడదక్కా.”

ఆ పల్లెలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. వలలు బాగుచేస్తారు, చేపలు ఏరతారు, గంపలకెత్తుకుని నెల్లూరు దాకా వచ్చి అమ్ముతారు. పడవలో కాలు పెడితే మాత్రం సముద్రం ముఖం చాటేస్తుందని వాళ్ళ నమ్మకం. పాత పడవైనా సరే, కట్టుబాటు కట్టుబాటే. మాకు ఆ పట్టింపు లేదట, మేం ఆ ఊరివాళ్ళం కాదు గనక. రమణమ్మ భర్త బతికున్నన్నాళ్ళూ వేటకు పోయినవాడే. అప్పటికి రెండేళ్ళ కిందట జబ్బుచేసి పోయాడు. “లోపలికి పోయినాక వెనక్కి తిరిగి చూస్తే మన ఊరు భలే ఉంటాదని చెప్పేవోడక్కా. నాకూ ఒక్కసారి చూడాలనుండాది. ఆయన చూసిందేందో నేనూ చూడాలా,” అంది. ఆ మాట మామూలుగానే అంది. మేమెవరం మాత్రం ఆమె ముఖంలోకి చూడలేకపోయాం.

అత్త ఎక్కబోయిన పడవ దిగేసింది. “మీరు పోయి రండి. రమణమ్మ ఎక్కే రోజు నేనూ ఎక్కతా.”

అత్త ఆ మాట మీదే నిలబడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా, అందరినీ పడవ ఎక్కించి, తాను మాత్రం ఒడ్డున రమణమ్మ పక్కన కూర్చునేది. “నాకు నీళ్ళంటే భయం లేదు మే, బతిమాలొద్దు” అని మమ్మల్ని కసిరేది. ఊరి పెద్దను మాత్రం పోయినప్పుడల్లా అడిగేది. గొడవపడేది కాదు. టికెట్ అడిగినట్టే అడిగేది. ఆయన మంచి మనిషే. తల గోక్కుని, “నాదేముందమ్మా, మా ఇంట్లో ఒప్పుకోవాల” అని తప్పుకునేవాడు.

ఆయన ఇంట్లో అంటే పెద్దవ్వ, ఆయన భార్య. ఊళ్ళో కట్టుబాటును మగవాళ్ళ కంటే గట్టిగా పట్టుకున్నది ఆమే. రమణమ్మ పడవ వైపు చూస్తే చాలు, గుడిసెలోంచి కేక వినపడేది. అత్తను చూస్తే ముఖం పక్కకు తిప్పుకునేది. అత్త మాత్రం ఊరుకుంటుందా? ఒకసారి నేరుగా ఆమె గుడిసె ముందుకే పోయింది. “పెద్దవ్వా, వచ్చే నెల మేం నరసింహ కొండకు పోతాండాం. నువ్వూ రా. పనేం లేదు, ఊరికే.” పెద్దవ్వ వింతగా చూసింది. ఆ కొండ మీది స్వామికి చిన్నప్పుడెప్పుడో మొక్కుకుందట, పోవడం కుదరలేదట. సరేనంది.

కొండ మీదికి వ్యాను పోయే దారి ఉంది. అయినా అత్త మమ్మల్ని కిందే దించేసి మెట్లెక్కించింది. మధ్యదారిలో నేను కూర్చుండిపోయాను, మా అమ్మ కూర్చుండిపోయింది. పెద్దవ్వ మాత్రం చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఒక్కో మెట్టుకూ స్వామిని తిట్టుకుంటూ, పొగుడుకుంటూ ఎక్కేసింది. పైన దర్శనం అయ్యాక గోడ పక్కన నిలబడితే కింద పెన్న కనిపించింది, వెడల్పాటి ఇసుక మధ్యలో సన్నటి నీళ్ళు. “ఇదేనా మన పక్క సముద్రంలో కలిసేది?” అని అడిగింది. అవునంది అత్త. ఆ తర్వాత ఇద్దరూ గాలికి కొంగులు ఎగురుతుంటే పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. పడవ ఊసు అత్త ఎత్తనే లేదు. అంత నోరున్న మనిషి ఎట్లా ఊరుకుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాతి నెల మేం పల్లెకు పోయేసరికి ఊరి పెద్ద సరుగుడు తోటలోకే ఎదురొచ్చాడు. ముఖం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియనట్టుంది. కొండ నుంచి వచ్చిన రాత్రి పెద్దవ్వ అన్నం వడ్డిస్తూ ఆయన్ను అడిగిందట: “కొండ మీది సామి నన్ను రానిచ్చినాడు. ఆయనకు లేని పట్టింపు నీ పడవకెందుకు? నీ పడవ సామి కంటే పెద్దదా?” ఊళ్ళో వాళ్ళను కూర్చోబెట్టి అదే ప్రశ్న వాళ్ళకూ వేశాడట. పడవే పెద్దదని చెప్పడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదట. “పాత పడవ వద్దమ్మా. నా పడవే ఎక్కండి. ఏట్లో కాదు, సముద్రంలోకే తీసుకపోతా,” అన్నాడు.

మేం వేసిన కేకలకు తోటలో కాకులన్నీ లేచాయి. అత్త మాత్రం కేక వెయ్యలేదు. “అట్టనా” అని, చేతిలోని సంచీ నాకిచ్చి, రమణమ్మ కోసం గబగబా ముందుకు నడిచింది. అంత వేగంగా అత్త నడవడం నేను అంతకు ముందు చూడలేదు.

రమణమ్మ పడవ ఎక్కిన మర్నాడు ఊరంతా వేట ఎట్లా పడుతుందోనని కాచుకుని కూర్చున్నారట. రోజూ పడేటంతే పడింది, తగ్గలేదు, పెరగలేదు. “ఎక్కువ పడుంటే నాకు గుడి కట్టేవోళ్ళు, తప్పించుకున్నా” అని రమణమ్మ మా వాకిట్లో చేపలు తోముతూ నవ్వింది. ఇప్పుడు ఆ పల్లెలో ఆడవాళ్ళు పడవ ఎక్కుతున్నారు. పెద్దవ్వయితే దిగమన్నా దిగడం లేదని ఆమె మొగుడి ఫిర్యాదు.

అత్తను సాగనంపిన రోజు ఆ పల్లె ఆడవాళ్ళంతా వచ్చారు. వాళ్ళు రావడం చూసి మా వాళ్ళు కొందరు, మీ అత్తకు ఆ పల్లెలో ఏం పని అని అడిగారు. ఏ పనీ లేదని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

నాకు గుర్తుండేది రమణమ్మతో మేమంతా ఎక్కిన ఆ పడవే. అలలు దాటేదాకా పెద్దవ్వ ఊరి పెద్దకే పడవ ఎట్లా నడపాలో చెబుతూనే ఉంది. మా అమ్మ కళ్ళు మూసుకుని గోవిందా అంటోంది. ఇన్నేళ్ళు గతుకుల రోడ్ల మీద, కదిలే బస్సులో నిలబడి చిల్లర లెక్కపెట్టిన మా అత్తకు సముద్రం సరిపడలేదు. ఒడ్డు దాటీ దాటకముందే వాంతులు మొదలయ్యాయి. రమణమ్మ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో మూతి తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

సరుగుడు తోట సన్నటి గీతలా ఉంది. దాని ముందు పల్లె. గుడిసెలు, ఆరేసిన వలలు, ఒడ్డున నిలబడి చేతులూపుతున్న మనుషులు. “అక్కా, అదిగో మా ఊరు,” అంది రమణమ్మ. “ఆయన చెప్పినట్టే ఉండాదక్కా.” ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది.

అత్తను చూసి జాలిపడి ఊరి పెద్ద పడవను ఒడ్డుకు తిప్పబోయాడు. రమణమ్మ ఒళ్ళోంచి తల ఎత్తలేని మా అత్త, తడిసిన చెయ్యి మాత్రం పైకెత్తి, వేలు సముద్రం లోపలికి చూపించింది.

“తిప్పొద్దు. ఆమె ఇంకా చూస్తాండాది.”