అయిదుకు అయిదు

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నాకు దొరికిన ఉద్యోగం ఏమిటో చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మలేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురంలోని చిన్న ఆసుపత్రుల్లో నగరం డాక్టరు కంప్యూటరు తెర మీద కనిపించి రోగులను చూసేవాడు. బొమ్మ ఎలా ఉంది, మాట ఎలా వినిపిస్తోంది అని పదిమందిని కూర్చోబెట్టి అడిగి, అయిదుకు ఎన్ని మార్కులో రాసుకోవడమే నా పని.

మనవాళ్లు మార్కులు బొమ్మకు వేయరు, ఎదురుగా ఉన్న మనిషికి వేస్తారు. మాట తెగిపోయినా, మొహం గళ్లుగళ్లుగా విడిపోయినా అయిదే. ధర్మవరంలో మగ్గం నేసే పెద్దాయన ఒకాయన పట్టుచీర అంచు కెమెరాకు చూపించి తెర వైపు చూశాడు.

"పసుపు ఎలిసిపోయినట్ల కనపడ్తాండాదప్పా. అయినా అయిదే ఏసుకో. తక్కువేస్తే మీ పైవాళ్లు నిన్ను అనరా?"

నవ్వి, అయిదు రాసి సంతకం పెట్టాను. పైవాళ్లు శెభాష్ అన్నారు. నాకూ బాగానే ఉండింది, అబద్ధమెందుకు.

ఒకరోజు నేనుండగానే హిందూపురం ఆసుపత్రికి మా అక్క తన నాలుగు రోజుల కొడుకును తెచ్చింది. వాడు పాలు తాగడం లేదు, ఎంత కదిపినా మత్తుగా పడి ఉన్నాడు. నర్సు కెమెరా ముందు పడుకోబెట్టి, రెప్ప ఎత్తి చూపింది.

"రంగు బాగుంది. భయం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు డాక్టరు.

తెరలో బిడ్డ తెల్లగానే ఉన్నాడు. బల్ల మీదున్న బిడ్డ కన్ను మాత్రం కామెర్లొచ్చినట్లు పసుపు పచ్చగా ఉంది. నాకు భయమేసింది. బిడ్డ కోసం కొంత, నా సంతకం కోసం కొంత. ఆ రెండోది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

"సార్, తెరలో రంగు నమ్మొద్దు. పిల్లోడు పచ్చగా ఉండాడు."

"మీ రిపోర్టులో అన్నీ అయిదులే కదా?"

"అవి నా మొహం చూసి ఏసినవి సార్. రంగుకు రెండు గూడా రావు."

ఆయన వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అక్క బిడ్డను గుడ్డలో చుట్టుకుని ఆటో కోసం పరిగెత్తింది. వాడు దక్కాడు, అది తర్వాతి సంగతి.

నేనూ వెంట పోబోతుంటే నర్సు ఆపింది.

"రంగు బాగుండాదని ఈ నెలంతా ఇంటికి పంపించిన పిల్లోళ్ల సంగతేందన్నా?"

ఆమె రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చదవసాగింది. అగళిలో ఒకరు. రొళ్లలో ఇద్దరు. ఆ తలుపులు నేనే పోయి తట్టాలి. తీసేవాళ్లు ఏం చెబుతారో అనుకుంటూనే ఆ పేర్లు ఒక్కొక్కటే రాసుకున్నాను.