సాంచెల హోరులో మా చిన్నమ్మ నిద్ర

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నాకేం బాధ లేదు. ఇదే సంగతి ఇంకొకరు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే. కానీ ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. మెలకువగానే ఉన్నాను. నా పక్కన నిఖిత కూడా ఉంది... దానికి దయ్యాలంటే నమ్మకం లేదు, దేవుడన్నా అంతంతే.

ముందు మా చదువు సంగతి చెప్పాలి. నేను, నిఖిత డిగ్రీలో బిహేవియరల్ న్యూరోసైన్స్ చదువుతున్నాం. మనిషి నడవడికను మెదడు ఎలా నడిపిస్తుందో తెలుసుకునే చదువు. మా చుట్టాలకు ఎంత చెప్పినా ఎక్కదు. "గదేం సదువే, పిచ్చోళ్ల డాక్టరైతవా?" అంటారు. మా చిన్నమ్మ అయితే "ఎలుకల సదువు" అని పేరు పెట్టేసింది. ల్యాబులో ఎలుకలు ఉంటాయని ఎప్పుడో నోరు జారాను మరి! ఎవరేమన్నా నాకు ఈ చదువంటే ప్రాణం. మెదడంటే దోసిట్లో పట్టేంత ముద్ద... భయం, ప్రేమ, నిద్ర, అన్నీ అందులోనే! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చివరి ఏడాది ప్రాజెక్టుకు నిద్రను ఎంచుకున్నాం. అది కూడా మా చిన్నమ్మ నిద్ర.

వాళ్లది కరీంనగర్ అవతల సాంచెల ఊరు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. చిన్నమ్మ, ఆమె భర్త చిన్నబాపు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచెలు నడుపుకుంటారు. రాత్రిపూట ఒకరు నడిపితే ఇంకొకరు అక్కడే చాప వేసుకుని పడుకుంటారు. ఆ చప్పుడు... టకటక్ టకటక్ టకటక్... పక్కవాళ్ల మాట వినాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. అందులో చిన్నమ్మ హాయిగా నిద్రపోతుంది. కానీ పోగు తెగి ఒక్క సాంచ ఆగిందా, గబుక్కున లేచి కూర్చుంటుంది. మిగతా మూడు నడుస్తున్నా సరే! చప్పుడుకు లేవని మనిషి, చప్పుడు తగ్గితే ఎలా లేస్తుంది?

"మెదడు పండుకోదే. మనం పండుకున్నా అది కాపలా కూసుంటది" అన్నది నిఖిత. ఖానాపూర్ పిల్ల. దాని బుర్రంటే నాకు మొదటినుంచీ గౌరవమే.

సాంచెలు ఆపించి, వాటి చప్పుడు ఫోనులో రికార్డు చేసి స్పీకర్లో పెట్టాం. మధ్యలో ఆపితే లేస్తుందా అని చూశాం. లేచింది. ఎన్నిసార్లు ఆపితే అన్నిసార్లు లేచింది. మా సంబరం అంతా ఇంతా కాదు. తర్వాతి రాత్రి మొదలైంది అసలు సంగతి. ఆమె ముందే లేస్తోంది! కళ్లు తెరిచాక... ఒక్క క్షణం... అప్పుడు ఆగుతోంది చప్పుడు.

"నువ్వే కదులుతున్నవ్! నీ గాజుల సప్పుడుకు లేస్తున్నది" అని నిఖిత నన్ను తిట్టింది. గాజులు తీసేశాను. చప్పుడు ఎప్పుడు ఆపాలో మాకూ తెలియకుండా నిఖిత ఆ పని ఫోనుకే వదిలేసింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి గోడకు ఆనుకున్నాం. టకటక్ టకటక్... చిన్నమ్మ లేచి కూర్చుంది. మమ్మల్ని చూసింది. అప్పుడు... ఆగింది.

నిఖిత ఫోను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "యాడ్నో తప్పు చేసినం" అని గొణిగింది. చిన్నమ్మేమో నవ్వి, "మీ ఎలుకలకన్న నేనే నయమా, చెప్పుండ్రి" అని మళ్లీ పడుకుంది.

మర్నాడు స్పీకర్ వద్దనుకున్నాం. నిజమైన సాంచెలే నడుస్తున్నాయి. నడిపే వంతు చిన్నబాపుది. సాయంత్రం నుంచి ఆయన రొమ్ము రుద్దుకుంటూనే ఉన్నాడు. సాంచ మీద వంగి వంగి పనిచేసేవాళ్లకు రొమ్ము పట్టేయడం మామూలే కదా అనుకున్నాం అందరం. ఒక సోడా తాగాడు. "గ్యాసు బిడ్డా, ఫికర్ చెయ్యకు. జర నడుం వాల్చి వస్త. నువ్వు సాంచెలు చూస్తుండు" అని నాకు అప్పజెప్పి ముందరి గదిలోకి పోయాడు. షెడ్డుకు, ఆ గదికి మధ్య వంటిల్లు. రెండు గోడలు.

నాలుగు సాంచెలూ నడుస్తున్నాయి. కాళ్ల కింద నేల అదురుతోంది. చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆమె వీపునే చూస్తున్నాను... ఊపిరికి లేస్తోంది, దిగుతోంది... లేస్తోంది, దిగుతోంది... ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి. లేచి కూర్చుని ఏదో అన్నది. నాకు వినపడలేదు... పెదవులు మాత్రం కదిలాయి. "ఆగింది."

సాంచెల వైపు చూశాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు. అన్నీ నడుస్తున్నాయి.

"ఏదీ ఆగలే చిన్నమ్మా!" అని ఆమె చెవిలో అరిచాను.

ఆమె సాంచెల వైపు చూడనేలేదు. ఎప్పుడు లేచినా మొదటి చూపు వాటి మీదికే పోయేది. ఆ రాత్రి... ఇంటి తలుపు వైపు చూసింది. చూస్తూ చూస్తూనే లేచి ఉరికింది.

వెనకాలే మేం. గదిలో లైటు వేశాం. చిన్నబాపు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి లేదు.

ఫోన్ తీసి అంబులెన్సుకు చెప్పానే గానీ, ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. నిఖితే... దాని చేతులకు దండం పెట్టాలి! ఆయన్ని నేల మీదికి దింపించి, రొమ్ము మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. కాలేజీలో బొమ్మ మీద ఇది నేర్పినప్పుడు మేమంతా కిలకిలా నవ్వాం, అది ఒక్కతే శ్రద్ధగా నేర్చుకుంది. "ఇడ్వకు బిడ్డా, ఇడ్వకు" అని చిన్నమ్మ ఏడుస్తుంటే, "ఇడ్వ చిన్నమ్మా, నేను ఇడ్వ" అంటూ నొక్కుతూనే ఉంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. వెనక షెడ్డులో సాంచెలు అట్లాగే నడుస్తున్నాయి. వాటిని బందు చేయాలని ఎవరికీ తోచలేదు.

చిన్నబాపు బతికాడు. ఏమాత్రం ఆలస్యమైనా దక్కేవాడు కాదని కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టర్ అన్నాడు. ఇప్పుడు మందులు వేసుకుంటూ, ఉప్పు లేని కూర పెడుతోందని చిన్నమ్మ మీద కస్సుబుస్సులాడుతూ మంచిగానే ఉన్నాడు.

ఆయన గురక అదురు నేలలోంచి చాపకు తాకుతూ ఉండాలి, అది ఆగగానే చిన్నమ్మ మెదడు పట్టేసింది అంటుంది నిఖిత. కావచ్చు. అంత హోరులో ఒక్క మనిషి ఊపిరిని విడిగా పట్టుకుందంటే... ఆ మెదడుకు చేతులెత్తి మొక్కాలి. మరి ఫోను తనంతట తాను చప్పుడు ఆపబోతోందని ముందే ఎట్లా తెలిసింది? అక్కడికి వచ్చేసరికి నిఖిత మాట మారుస్తుంది.

చిన్నమ్మనే అడిగాను. "ఏం ఇనపడ్డది చిన్నమ్మా?"

"ఏం ఇనపడలే బిడ్డా. ఇల్లంత ఖాళీ అయినట్టనిపిచ్చింది. గంతే."

మొన్న హాస్టల్లో ఉన్నాను. అందరూ నిద్రపోయాక ఫోన్ మోగింది. చిన్నమ్మ. "చిన్నబాపు మంచిగున్నడా?" అన్నాను. "మంచిగనే ఉన్నడు, పండుకున్నడు" అన్నది. మరెందుకు చేసినవని అడిగాను. అప్పుడు మెల్లగా...

"నీ పక్కకు పండుకున్న పిల్ల... నిఖిత... జర లేపి చూడు బిడ్డా."

చెయ్యి చాచి దాని భుజం తట్టాను. లేవలేదు. గట్టిగా కుదిపాను. లేవలేదు. రెండు చేతులతో పట్టి ఊపేశాను... గుటుక్కున ఊపిరి పీల్చుకుని, "ఏందే నీ లొల్లి, పండుకోనియ్యవా!" అని కసిరింది. ఎవరి తిట్లూ నాకు అంత తియ్యగా అనిపించలేదు.

"లేచిందా?" అన్నది ఫోన్లో చిన్నమ్మ.

"లేచింది."

"అయితే మంచిదే" అని పెట్టేసింది.

నేను లేపకపోయి ఉంటే ఏమయ్యేదో, అసలు ఏమన్నా అయ్యేదో లేదో నాకు తెలియదు. నిఖితకు ఆ ఫోన్ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. రాత్రి అది నిద్రపోయాక మాత్రం... దాని ఊపిరి వింటూ పడుకుంటున్నాను.