పొయ్యి పక్కన మబ్బుల డాక్టరు

డాక్టర్ తాతాజీ గారికి ఉన్నది ఒకే ఒక్క బలహీనత. ఎవరింట్లో పొయ్యి వెలిగినా ఆయన పక్కన పీట వేసుకుని కూర్చోవాల్సిందే.

ఆయన వచ్చిన పని వేరు. బైలదిల్లా కొండల్లో ఇనుపరాయి తవ్వకం జోరుగా సాగుతున్న రోజులవి. గనుల ధూళి పైకి లేచి మబ్బులను ఏం చేస్తోందో తేల్చమని ఆయన్ని పంపారు. పొద్దున్నే కొండెక్కి, గంటసేపు ఆకాశంలోకి చూసి, వంటల వేళకు దిగిపోయేవారు. ఆపైన ఆయన కావాలంటే ఏ కప్పు మీద పొగ లేస్తోందో చూసుకుని ఆ ఇంటికి వెళ్లడమే. బస్తీ అంతా మబ్బుల డాక్టరు అంటే, భద్రమ్మ మాత్రం తిండి డాక్టరు అనేది.

భద్రమ్మది పామేడు దగ్గర పల్లె. భర్త పోయాక గని కూలీలకు మెస్సు నడుపుతోంది. కిటికీ లేని వంటిల్లు, తడి కట్టెలు, పాతికమందికి వంట. ఆమె దగ్గితే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి.

"కొండ దుమ్ము పట్టింది. వానలు తగ్గంగనే మెస్సు మూసి మా ఊరు పోత," అనేది.

తాతాజీ మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో టిఫిన్ డబ్బా అంత మిషను ఉంది. అది గాలిని పీల్చి, అందులోని ధూళిని తెల్లకాగితం మీద పట్టేస్తుంది.

"దీన్ని పొయ్యి పక్కన గంటసేపు పెట్టనిస్తారా అమ్మా?"

"ఏంది సారూ, నా వంటల దుమ్ముందని సర్కారుకు రాస్తరా?" అని ఆమె తలుపు వేసేసింది.

మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చారు.

"ఆకలిగా ఉందమ్మా."

ఆకలన్న మనిషిని పొమ్మనలేక పీట వేసింది. ఆయన దాన్ని పొయ్యి దగ్గరికి జరుపుకుని, మిషను ఒళ్లో పెట్టుకున్నారు.

"గా మిషను లేకుంటే బువ్వ తినరా?"

"ముద్ద దిగదమ్మా."

ఇక రోజూ అదే వరస. వారం చూసి, ఆయన్ని వదిలించుకోవడానికి భద్రమ్మ పప్పులో గుప్పెడు కారం ఎక్కువ వేసింది. రెండో ముద్దకు తాతాజీ ముఖం గనిలోంచి అప్పుడే తీసిన రాయిలా ఎర్రబడింది.

"కారమైందా సారూ?"

"లేదమ్మా, బ్రహ్మాండంగా ఉంది. ఇంకో పావుగంట కూర్చోవచ్చా?"

మర్నాడు రెండు గుప్పిళ్లు వేసింది. ఆయన రెండు రుమాళ్లు తెచ్చుకున్నారు.

ఆషాఢంలో ఉన్నట్టుండి రావడం మానేశారు. మొదటిరోజు భద్రమ్మ హాయిగా ఊపిరి తీసుకుంది. రెండోరోజు నాలుగుసార్లు గుమ్మం వైపు చూసింది. మూడోరోజు గొడుగేసుకుని ఆయన క్వార్టరుకు వెళ్లింది.

తాతాజీ మంచం మీద ఉన్నారు. జీపు డ్రైవరు సోమారు గంజి వారుస్తున్నాడు.

"కడుపుల పుండు అక్కా. కారం ముట్టొద్దని దవాఖాన డాక్టర్ పదేండ్ల కిందనే సారుకు చెప్పిండట," అన్నాడు.

గోడ మీద మిషనులోంచి తీసిన గుండ్రటి కాగితాలు వరుసగా అంటించి ఉన్నాయి. ఒకటి ఎర్రమట్టి రంగులో ఉంది. చివరి వరస అంతా మాడిన మూకుడు అడుగులా నల్లగా ఉంది.

"ఆ ఎర్రది కొండ మీద గాలి," అన్నారు తాతాజీ లేచి కూర్చుంటూ. "ఆ నల్లవన్నీ మీ వంటిల్లు. కొండ దుమ్ము మంచిదని అనను. కానీ మీ దగ్గుకు ఈ పొగే కారణమని నా అనుమానం."

"ముందుగల్ల చెప్పొద్దా సారూ?"

"చెప్పబోతే తలుపేశారు. తిండికొస్తే పీటేశారు. ఒక్కరోజు చూసి చెప్తే మీరు నమ్మరు. ఎండ రోజూ, వాన రోజూ, తడి కట్టె రోజూ, అన్నీ చూడాలి కదా."

సోమారు వరండాలోంచి నిలువెత్తు రేకు గొట్టం మోసుకొచ్చాడు. కిందటి వారమే సారు గీదం పట్నంలో చేయించారట.

ఆ వారమే భద్రమ్మ కప్పులోంచి పొగగొట్టం లేచింది. గోడకు కిటికీ తీశారు. దసరా నాటికి దగ్గు రోజుకు రెండుసార్లకు దిగింది. ఊరు పోయే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఒకరోజు తాతాజీ చేతిలో మిషను లేకుండా మెస్సుకు వచ్చారు. భద్రమ్మ ఆయన కోసం చిన్న గిన్నెలో వేరుగా, ఒక్క మిరపకాయ కూడా వేయకుండా పప్పు వండింది.

ఆయన ఒక ముద్ద తిన్నారు. చాలాసేపు నమిలారు.

"మంచిగున్నదా సారూ?"

తాతాజీ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఆ ఆవకాయ జాడీ కొంచెం ఇటు జరపమ్మా."

భద్రమ్మ జాడీ తీసి అటక మీద పెట్టింది. ఆయన విస్తట్లో మజ్జిగ పోసింది.